బొమ్మలోని కిటికీ

నలభై ఏళ్లు ఊళ్లో ఇళ్లకు రంగులు వేసిన మేస్త్రి, భార్య పోరు పడలేక మొదటిసారి పురపాలక చిత్రశాలకు వెళ్లాడు. స్థానిక చిత్రకారుల గదిలో ఒక బొమ్మ ముందు ఆయన కాళ్లు ఆగిపోయాయి. అందులో ఇళ్ల కప్పులు, ఒక పొగగొట్టం, దాని వెనక సగం దాగిన గడియార స్తంభం ఉన్నాయి. కింద చీటీలో ‘ఎక్కడినుంచి గీశారో తెలియదు’ అని రాసుంది.

"గోడలాగా పెచ్చులూడిందేమో చూస్తున్నారా?" అంది భార్య.

"కాదే, ఇతగాడు ఎక్కడ నిలబడ్డాడా అని!"

తను ఎక్కిన మేడలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. గడియారం పొగగొట్టం చాటుకి వచ్చేది ఒక్కచోటే. "పాత అచ్చాఫీసు మెట్లమీది కిటికీ!" అని గట్టిగా అనేశాడు.

ఆ మాట విన్న చిత్రశాల అధికారిణి సాయంత్రం వాళ్లతోపాటు ఆ మెట్లెక్కింది. బిగుసుకుపోయిన కిటికీని మేస్త్రి అరచేత్తో చరిచి తెరిచాడు. అచ్చం ఆ బొమ్మే ఎదురుగా కనిపించింది.

"మీకెలా గుర్తుందండీ?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

"దీనికి రంగు వేసినప్పుడల్లా బ్రష్షు పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయేవాణ్ణమ్మా. సోమరిని నేనొక్కణ్ణే అనుకున్నాను."

వారం తిరక్కుండానే చీటీ మారింది.