రెండో గేటులో లింగయ్య వినికిడి పరీక్ష

2008 మే నెలలో నేను సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. అక్కడ ఉద్యోగుల ఆరోగ్య పరీక్షల విభాగానికి నేను ఛార్జ్ నర్సుని. కంపెనీలు ఇఖామా, అంటే నివాస పర్మిట్, రెన్యువల్ చేయించే ముందు తమ కార్మికులను మా దగ్గరకు పంపేవి. రక్తం, ఎక్స్‌రే, కంటిచూపు అందరికీ చూసేవాళ్లం. క్రేన్ నడిపేవాళ్లకు వినికిడి పరీక్ష కూడా తప్పనిసరి.

ఆ పరీక్ష ఇలా జరుగుతుంది. మనిషి చప్పుడు చొరబడని చిన్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. అద్దానికి ఇవతల మేము ఆడియోమీటర్ అనే యంత్రంతో ఒక్కో చెవిలో బొంగురు నుంచి కీచు దాకా ఏడు స్థాయిల శబ్దాలు వినిపిస్తాం. వినబడినప్పుడల్లా అతను చేతిలోని మీట నొక్కుతాడు. నొక్కకపోతే కంప్యూటర్ శబ్దాన్ని పెంచుకుంటూ పోతుంది. చిట్టచివరి దాకా నొక్కకపోతే "స్పందన లేదు" అని రాసుకుంటుంది. ఆ కాగితం మీద నేను సంతకం చేసి ముద్ర వేయాలి. చేతిరాత రిపోర్టు చెల్లదు.

మే 14, బుధవారం నాడు సిస్టమ్స్ విభాగం నుంచి శ్రీధర్ వచ్చాడు. గుంటూరు అబ్బాయి. అన్ని కంప్యూటర్లలోనూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయమని హెడ్డాఫీసు సర్క్యులర్. మాది 2004లో వచ్చిన కంప్యూటర్. పని అయ్యాక అతను తొమ్మిది అంశాల జాబితా ఇచ్చాడు: కీబోర్డు, మౌస్, ప్రింటర్, అలా. తొమ్మిదీ నేను స్వయంగా పరీక్షించి, టిక్కులు పెట్టి, సంతకం చేశాను. ఆడియోమీటర్ ఆ జాబితాలో లేదు. కాబట్టి దాన్ని పరీక్షించలేదు.

గురు, శుక్రవారాలు సెలవు. శనివారం ఉదయం ముగ్గురు వచ్చారు. మొదటివాడు లింగయ్య. జగిత్యాల దగ్గరి మనిషి, పదకొండేళ్లుగా క్రేన్ ఆపరేటర్. పధ్నాలుగు నిమిషాలు గదిలో బుద్ధిగా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. తెర మీద అన్ని గళ్లలోనూ "స్పందన లేదు" అని పడింది. తలుపు తీశాను.

"ఎప్పుడు సురువు జేస్తవు సిస్టరమ్మా?" అని అడిగాడు.

నేను దాన్ని చెవుడుకు రుజువుగా తీసుకున్నాను. సంతకం పెట్టి కవరు అంటించి కంపెనీకి పంపించాను. తర్వాతి ఇద్దరికీ అదే ఫలితం వచ్చింది. డ్రిల్లింగ్ సైటు మనుషులు కదా, చెవులు పోయి ఉంటాయనుకున్నాను. వాళ్ల కవర్లు మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి.

ఆదివారం లింగయ్య కవరు పట్టుకుని తిరిగి వచ్చాడు. కంపెనీ మందూబ్, అంటే కాగితాల పనులన్నీ చూసే మనిషి, అతన్ని క్రేన్ దింపేశాడట. ఇఖామా బుధవారంతో అయిపోతుంది. ఈలోగా మంచి రిపోర్టు రాకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తాడట. అంటే మళ్లీ రాకుండా ఇంటికి.

"నాకు చెవుడైతే నీ మాట నాకెట్ల ఇనవడుతుంది? ఇందాక బయట కూసున్నప్పుడు నువ్వు అవతలి రూంల గొణుక్కున్నది గూడ ఇనవడ్డది. టీల చక్కెర ఎక్కువైందన్నవు."

అన్నాను. నిజమే.

వెంటనే హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. పధ్నాలుగు నిమిషాల తర్వాత నాకూ రెండు చెవులూ పూర్తిగా పోయినట్టు తేలింది. శ్రీధర్‌ని పిలిచి కూర్చోబెట్టాను. అతనికీ చెవుడే.

"మేడమ్, సిస్టమ్ మీ మెషీన్‌ని డిటెక్టే చెయ్యట్లేదండీ. డ్రైవర్ లేదు," అన్నాడు. యంత్రానికీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ పని చేసే చిన్న ప్రోగ్రాంని డ్రైవర్ అంటారు. అది లేక హెడ్‌ఫోన్‌లోకి అసలు శబ్దమే వెళ్లలేదు. పరీక్ష ప్రోగ్రాం మాత్రం వెళ్లిందనుకుని లెక్క వేసుకుంటూ పోయింది. కొత్త సిస్టమ్‌కి డ్రైవర్ కావాలని యంత్రం తయారీదారులకు రాస్తే, అంత పాత మోడల్‌కి చేయబోమని సోమవారం జవాబు వచ్చింది. పాత సిస్టమ్ తిరిగి వేయాలంటే హెడ్డాఫీసు అనుమతికి ఆరు వారాలు.

ఆ సాయంత్రం నా నోట్‌బుక్ తిరగేశాను. నా చేతికి వచ్చిన ప్రతి వస్తువు నంబరూ, అది ఎటు పోయిందీ అందులో రాసుకునేదాన్ని. ఆడియోమీటర్‌కి మొదట ఉన్న కంప్యూటర్ 2004లో రెండో గేటుకి వెళ్లింది. సామాను లారీలు వచ్చే గేటు అది. అక్కడి గార్డు నవాజ్ అనే పెషావర్ మనిషి, దానిలో బండ్ల నంబర్లు ఎక్కించేవాడు. కొత్త సిస్టమ్‌ని మోసే శక్తి దానికి లేదని శ్రీధర్ వదిలేశాడు. డ్రైవరూ, పరీక్ష ప్రోగ్రామూ ఇంకా దానిలోనే ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం యంత్రాన్ని ట్రాలీ మీద గేటుకి తోయించాను. మగవాళ్లతో గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది నియమం. యంత్రాన్ని కంప్యూటర్‌కి కలిపే తీగ మీటరున్నరే. అందుకని లింగయ్య గార్డు గదిలో, కంప్యూటర్ పక్కన కూర్చున్నాడు. నేను బయట ఎండలో, పాసులు ఇచ్చే కిటికీ దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను. యంత్రం కిటికీ అరుగు మీద. ఈసారి శబ్దం వెళ్లింది. కానీ నీళ్ల ట్యాంకర్లు, సిమెంటు లారీలు వరసగా వచ్చాయి. రిపోర్టులో సగం చెవుడు అని వచ్చింది.

"పోనీలే సిస్టరమ్మా, మొన్న మొత్తం చెవుడు, ఇప్పుడు సగమే," అన్నాడు లింగయ్య. వరసలో ఉన్న లారీల వైపు చూశాడు. ఆ తర్వాత, "నమాజ్ టైంల పెట్టరాదు? గప్పుడు గేటు బందైతది గద," అన్నాడు.

మూడు గంటల ఇరవై నిమిషాలకు అసర్ నమాజు పిలుపు వినిపించింది. నవాజ్ గేటుకి గొలుసు వేశాడు. లారీలు రోడ్డు మీద ఇంజన్లు ఆపుకున్నాయి. ఏసీ మోత కూడా ఉండకూడదని దాన్ని ఆపమన్నాను.

"ఆప్‌కా మరీజ్ పక్ జాయేగా, సిస్టర్," అన్నాడు నవాజ్. మీ పేషెంటు ఉడికిపోతాడని. ఆ మాట అనేసి మసీదుకి వెళ్లాడు.

పిలుపు ముగిశాక మొదలుపెట్టాను. పధ్నాలుగు నిమిషాలు ఆ వీధిలో చీమ చిటుక్కుమనలేదు. లింగయ్య చెమటలు కారుతూ, కళ్లు మూసుకుని, మీట నొక్కుతూనే ఉన్నాడు. కుడి చెవి అన్ని స్థాయిల్లోనూ మామూలే. ఎడమ చెవికి నాలుగు వేల హెర్ట్జ్ కీచు శబ్దం దగ్గర కొద్ది లోపం ఉంది, క్రేన్ ఇంజన్ అటువైపే ఉంటుంది కాబట్టి. ఉద్యోగానికి అడ్డం కాదు.

గేటు ప్రింటర్‌లో ఖాళీ బండ్ల ప్రవేశ పాసులు తప్ప తెల్ల కాగితం లేదు. పాసు వెనక వైపున రిపోర్టు ప్రింటు తీసి, సంతకం చేసి ముద్ర వేశాను. మర్నాడు ఉదయం మందూబ్ దాన్ని తిరగేసి చూసి, ముందువైపున తన ముద్ర కొట్టాడు. ఇఖామా రెన్యువల్ అయింది. ఆ కంపెనీ ఫైలులో లింగయ్య ఇప్పటికీ, ఖాళీ బండిగా లోపలికి వెళ్లడానికి అనుమతి ఉన్న మనిషే.

మిగతా ఇద్దరికీ ఆ బుధవారమే, నమాజు వేళకే పరీక్ష చేశాను. ఇద్దరూ బాగానే విన్నారు. కొత్త యంత్రం వచ్చేవరకు, నాలుగు నెలల తొమ్మిది రోజులు, మా వినికిడి విభాగం రెండో గేటులో నడిచింది.

మే 21 నుంచి రిటైరయ్యేవరకు నేను ఒక పద్ధతి పాటించాను. మొదటి మనిషిని పిలిచేముందు హెడ్‌ఫోన్ నేను పెట్టుకుని, విన్నానని రిజిస్టరులో రాసి సంతకం చేసేదాన్ని. ఫారంలో దానికి గడి లేదు. మార్జిన్‌లో గీసుకున్నాను. నా తర్వాత వచ్చిన నర్సుకి అప్పగింత కాగితంలో దానితోపాటు ఇంకొక్క మాట రాసి ఇచ్చాను: పరీక్ష అయ్యాక ఎవరైనా ఎప్పుడు మొదలుపెడతారని అడిగితే సంతకం చేయవద్దు, మళ్లీ మొదలుపెట్టాలి.