మంటలో నునుపైన మొన

జ్యోతిరాణి స్పిరిట్ దీపం మంటలో గాజుగొట్టాన్ని తిప్పుతోంది. మెత్తబడగానే వెంట్రుకంత సన్నగా సాగదీసింది. కానీ ఫ్యాన్ గాలికి మంట ఊగి మొన మూసుకుపోయింది. లేచి ఫ్యాన్ ఆపింది.

కరీంనగర్ ప్రయోగశాలలో స్నిగ్ధ పెంచే ఎలుక మూలకణాల్లో కొన్ని, ఒక్కో కణమూ మొత్తం ప్రాణిగా ఎదగగల తొలి పిండకణాల్ని పోలిన స్థితికి కాసేపే చేరతాయి. ఆ కాసేపట్లోనే వాటిని ఈ గాజుమొనతో పీల్చి తీయాలి. గరుకు మొన తగిలితే చీలి, నెలల శ్రమ పోతుంది.

"అక్కా, ఎండాకాలంల ఫ్యాన్ బంద్ చేసి నన్ను ఉడకబెడుతున్నవా?" అంది పక్కనే ఉన్న స్నిగ్ధ.

"జర ఓర్చుకో బిడ్డా."

ఈసారి మొన నునుపుగా వచ్చింది. స్నిగ్ధ దానితో ఒక కణాన్ని పైకి లాగింది. చీలలేదు.

"నీ చేతులకు మొక్కుత అక్కా!"

"గనిల వెల్డింగ్ చేసిన మా బాపుకు మొక్కు. మంట ముంగట నిమ్మలం ఆయనే నేర్పిండు."

మిగతా గొట్టాలనూ నునుపు చేసి, పెట్టెలో సర్ది స్నిగ్ధకు అప్పజెప్పింది.