రత్నం బొటనవేలి మీద సిరా

2020 నవంబరు. అనకాపల్లికి కొంచెం దూరంలో, చెరకు తోటల మధ్య ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను హెడ్మిస్ట్రెస్‌ని. ఊరి పేరు చెప్పను. ఇందులో తప్పు నాది, ఊరిది కాదు. మార్చిలో వేసిన గేటు తాళం తుప్పు పట్టి రానంటే కొబ్బరినూనె పోసి తీయించాను. ముందుగా తొమ్మిది, పది తరగతులు ఒక్కపూట నడపాలని ఉత్తర్వు. రావాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. ఇష్టమైతే కన్సెంట్ లెటర్ ఇవ్వాలి, అంటే మా పిల్లను మేమే పంపుతున్నాం అని రాసిచ్చే కాగితం.

తాళం తీయడం తేలికే అయింది. స్టాఫ్ రూములో మాత్రం వారం రోజులు వాదనే. లెక్కల మాస్టారు సత్యం గారి అన్నయ్య ఆగస్టులో కరోనాతో పోయారు. ఆయన గొంతు పెంచకుండానే మాట్లాడేవారు. "పాఠం రేపైనా చెప్పుకోవచ్చు మేడమ్. మనిషిని రేపు తెచ్చుకోలేం."

"పిల్లలు ఇంట్లో దాక్కుని కూర్చున్నారనుకుంటున్నారా మాస్టారూ? నిన్న మన పదో తరగతి పిల్లలు చెరకు క్రషర్ దగ్గర పిప్పి మోస్తుంటే చూశాను. వీళ్ళకి టీవీలో పాఠాలట! ఇంకో మూడు నెలలు పోతే పిలిచినా రారు," అన్నాను.

నాకు నోరు పెద్దదని మా స్టాఫ్ అందరికీ తెలుసు. నేను గట్టిగా మాట్లాడేసరికి వాదన ముగిసింది. అప్పుడు గెలిచానని అనుకున్నాను. అవతలివాళ్ళు అలిసిపోయారని ఇప్పుడు తెలుస్తోంది.

తల్లిదండ్రుల మీటింగు ఆరుబయట, కుర్చీలు దూరం దూరంగా వేసి పెట్టాం. చాలామంది తలాడించారు. చివరి వరసలోంచి అప్పల్నాయుడు లేచాడు. అతను బెల్లం వండే మనిషి. సీజన్‌లో తెల్లారకముందే క్రషర్ దగ్గరికి వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో తల్లి సన్యాసమ్మ, కూతురు నూకరత్నం. రత్నం మా పదో తరగతిలో మొదటి బెంచీ పిల్ల.

"మేడమ్ గారూ, మా అమ్మకి ఆయాసం," అన్నాడు. "ఈ గుంట బడికొచ్చి ఆ రోగమేదో ఇంటికి తెత్తే ముసిల్ది తట్టుకోగల్దా? ఎవులు సూత్తారు? మీరొచ్చి సూత్తారా?"

"జాగ్రత్తలన్నీ తీసుకుంటున్నాం నాయుడూ. శానిటైజరు, థర్మల్ గన్..."

"జాగర్తలు మీవి. పోతే పోయేది మా అమ్మ. ఈ ఏడు పోతే పోనీండి. నానంపను."

అందరిముందూ అంత సూటిగా అనేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. జవాబు తోచకపోతే నాకు కోపం వస్తుంది, అది నా చిన్నప్పటి జబ్బు.

బడి తెరిచిన రోజు గేటు దగ్గర నేనే నిలబడ్డాను. ఒక చేత్తో కాగితం తీసుకోవడం, ఇంకో చేత్తో శానిటైజరు పోయడం. వరసలో రత్నం వచ్చింది. తల నున్నగా దువ్వి, రెండు జడలు మడిచి కట్టి, యూనిఫాం ఇస్త్రీ చేసినట్టుంది. నాకు లోపల సంతోషం వేసింది. కాగితం అందుకున్నాను. కింద నీలిరంగు వేలిముద్ర. దాని పక్కన 'అప్పల్నాయుడు గారి ఎడమచేతి బొటనవేలి ముద్ర' అని గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలు రత్నానివే, నాకు తెలియనివి కావు.

"చేతులు పట్టు," అని శానిటైజరు పోశాను. రత్నం చేతులు రుద్దుకుంది. ఎడమ బొటనవేలి గోరు సందుల్లోంచి నీలిసిరా కరిగి అరచేతిలోకి కారింది. బాల్‌పెన్ను సిరా నీళ్ళకి పోదు, స్పిరిట్ తగిలితే వదులుతుంది. ఆ సంగతి పాపం ఆ పిల్లకి తెలియదు. చెయ్యి గభాల్న వెనక్కి దాచుకుంది.

"ఏంటమ్మా అది?"

"పెన్ను కారిపోయింది మేడమ్."

నేను రత్నం ముఖం చూశాను. కాగితం మళ్ళీ చూశాను. ఆ ముద్ర మగవాడి వేలంత కూడా లేదు. వెనకాల ఇంకా పిల్లలు నిలబడి ఉన్నారు. "లోపలికి వెళ్ళు," అన్నాను. కాగితాన్ని మిగతావాటితో కలిపి ఫైల్లో పెట్టాను.

ఎందుకు పెట్టానని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. చదువుకోవాలని ఉన్న పిల్లను గేటు దగ్గర ఆపడానికి మనసొప్పలేదన్నది నిజమే. అయితే రోజూ హాజరు ఎంతని మండలం ఆఫీసు నుంచి అడుగుతున్నారు. బడి తెరవాలని వాదించింది నేను, పిల్లలు రాకపోతే తల ఎక్కడ పెట్టుకోను? మీటింగులో అప్పల్నాయుడు నా నోరు మూయించాడన్న కసి కూడా ఎక్కడో ఉంది. సిగ్గుగా ఉన్నా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మూడు వారాలు బడి బాగానే నడిచింది. రత్నం ఒక్కరోజు మానలేదు. మధ్యాహ్నం బడి వదలగానే పరుగులాంటి నడకతో ఇంటికి వెళ్ళేది. నాలుగో వారంలో ఒక సాయంత్రం నాకు ఒళ్ళు వెచ్చబడింది. టెస్టు చేయించుకుంటే పాజిటివ్. స్టాఫ్‌లో ఇంకెవరికీ కాదు, నాకే! గేటు దగ్గర రోజూ పిల్లల అరచేతుల్లో శానిటైజరు పోసిన మనిషికి.

బడి మూశారు. అనకాపల్లిలో మా మేడ మీద గదిలో పడుకుని, రిజిస్టర్లో నంబర్లు చూసి ఇంటింటికీ నేనే ఫోన్లు చేశాను. పిల్లలందరికీ టెస్టులు చేయించాలి. అప్పల్నాయుడి నంబరు దగ్గర వేలు ఆగింది. ఎలాగో నొక్కాను.

"మా పిల్లకెందుకండి టెస్టు?" అన్నాడు. "మా పిల్ల బడికి రాట్నేదు కదా."

"వస్తోంది నాయుడూ. బడి తెరిచిన రోజు నుంచీ వస్తోంది."

"ఎవులంపేరు?"

అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. "కన్సెంట్ లెటర్ ఉంది కదా. మీ వేలిముద్ర ఉంది," అన్నాను. అబద్ధమని తెలిసీ ఆ కాగితాన్నే అడ్డం పెట్టుకున్నాను.

ఫోన్లో వెనకాల క్రషర్ చప్పుడు వినిపిస్తోంది. "నాను ఏలు ఎయ్యనేదు మేడమ్," అని ఫోను పెట్టేశాడు.

మర్నాడు సత్యం మాస్టారు తన బండి మీద ఆసుపత్రి నర్సమ్మను ఎక్కించుకుని ఊరంతా తిరిగి టెస్టులు చేయించారు. నేను ముందే చెప్పాను కదా అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అంటే నాకు కొంచెం తేలికయ్యేది. పిల్లలకెవరికీ రాలేదు, రత్నానికీ రాలేదు. అమ్మయ్య అనుకున్న రెండోరోజే మాస్టారు ఫోన్ చేశారు. సన్యాసమ్మకు జ్వరం, ఆయాసం ఎక్కువైంది, అనకాపల్లి ఆసుపత్రికి తెచ్చారు, శాంపిల్ తీశారు.

రిపోర్టు రావడానికి రెండురోజులు పట్టింది. ఆ రెండురోజులూ నా జ్వరం నాకు గుర్తులేదు. రత్నం అరచేతిలో కారిన సిరాయే కళ్ళముందు. ఆ ముసలమ్మకి ఏమైనా అయితే జీవితాంతం ఆ పిల్ల తనే చంపానని అనుకుంటుంది. నేను గేటు దగ్గర ఒక్కమాట మాట్లాడి ఉంటే ఆ బరువు పిల్ల నెత్తిన పడేది కాదు. దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

రిపోర్టు నెగెటివ్. మామూలు జ్వరమే, సన్యాసమ్మ కోలుకుని ఇంటికి వెళ్ళింది. అది అదృష్టం. నా తెలివి ఇందులో ఆవగింజంత కూడా లేదు.

నాకు తగ్గాక, బడి మళ్ళీ తెరిచేముందు, పాత కాగితమూ కొత్త ఫారమూ సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆదివారం, అప్పల్నాయుడు ఇంట్లోనే ఉన్నాడు. కూర్చోమనలేదు. వాకిట్లోనే నిలబడి చెప్పాను. "ఆ ముద్ర నీది కాదని నాకు మొదటిరోజే తెలుసు. పిల్ల వేలికి సిరా చూశాను. చూసీ ఊరుకున్నాను."

"తెల్సే రానిచ్చేరా?"

"తెలిసే."

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "సదువుకున్నోరు మీరు," అని మాత్రం అని ముఖం తిప్పుకున్నాడు. తలుపు వెనకాల రత్నం వెక్కుతోంది.

అప్పుడు నులకమంచం మీద సన్యాసమ్మ లేచి కూర్చుంది. "దాన్నేటీ అనకురా. ఏలెయ్యమన్నాది నానే."

అప్పల్నాయుడు తల్లివైపు తిరిగాడు. నేనూ నోరు తెరిచి చూశాను.

"రోజూ జడేసి అంపినాది నానే," అంది ముసలమ్మ. "నువ్వెల్లినంక అదెల్లీది, నువ్వొచ్చినప్పటికి ఇంట్లో ఉండీది. నానే ఏద్దును గానీ, నా ఏలు పడదు కదా. రేసన్ మిసన్లో ఎన్నిపాల్లెట్టినా పడదు. వరి ఊడ్చీ ఊడ్చీ గీతలన్నీ అరిగిపోనాయి. బళ్ళో మిసనెట్టి సూత్తే దొరికిపోతామని దాని ఏలెయ్యమన్నాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బళ్ళో మిషన్ ఎక్కడిది? గేటు దగ్గర ఉన్నది నా కళ్ళు ఒక్కటే.

"నీకేటన్నా అయితేనే?" అన్నాడు అప్పల్నాయుడు.

"నాకేటైద్దోనని అందరూ అన్నారు. నన్నెవులైనా అడిగేరా? దీనికి అమ్మ నేదు. నాను పోయినంక సదువైనా ఉండాల కదా."

అప్పల్నాయుడు నావైపు చెయ్యి చాపాడు. "ఆ కాయితమేదో సదవండి."

బడి తెరిచేముందు అన్ని ఇళ్ళకీ పంపిన కాగితాన్ని మొదటిసారి ఒక తండ్రికి పైకి చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర నా గొంతు నెమ్మదించింది. 'తరువాత ఏమి జరిగినను బాధ్యత నాదే.' ఆ వాక్యం ఏ ఆఫీసూ రాయమనలేదు. మా స్కూల్లో మేమే, మాకు చిక్కు రాకుండా ఉంటుందని చేర్చుకున్నాం.

"ఏటి? బాజ్జెత నాదొక్కడిదేనా?"

సంచిలోంచి పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. పక్కన 'బాధ్యత మా ఇద్దరిదీ' అని రాసి, కింద సంతకం పెట్టి, అది కూడా చదివి వినిపించాను. అప్పల్నాయుడు ఒక షరతు పెట్టాడు. బడి నుంచి రాగానే పిల్ల స్నానం చెయ్యాలి, మామ్మ మంచం దగ్గరికి వెళ్ళకూడదు, పడక పెరటి పాకలో. ఆ మాట కూడా రాశాను. పెన్ను సిరా బొటనవేలికి రాసుకుని ముద్ర వేశాడు. ఆ వేలు ఎంత పెద్దదో అప్పుడు చూశాను.

ఇంతా చేస్తే ఆ ఏడు పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. అందరూ పాస్. మేం దేనికోసం కొట్టుకున్నామా అని నేనూ సత్యం మాస్టారూ నవ్వుకున్నాం. రత్నం ఇంటర్, డిగ్రీ అనకాపల్లిలోనే చదివింది.

బడి తెరవడం మంచిదా, మూసి ఉంచడం మంచిదా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను గట్టిగా మాట్లాడను. అప్పల్నాయుడి భయం నిజం, సన్యాసమ్మ ఆశ కూడా నిజం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. మేం మీటింగు పెట్టి తలలు లెక్కేసుకున్నామే గాని ఆ ఇంటికి వెళ్ళలేదు. అప్పటినుంచీ ఏ అంగీకార పత్రమైనా పిల్లల చేతికిచ్చి పంపను. సంతకం పెట్టడం రాని ఇళ్ళకి నేనే వెళ్ళి, చదివి వినిపించి, ముద్ర నా ఎదురుగా వేయించుకుంటాను.

ఆ ఆదివారం నేను సంచి సర్దుకుంటుంటే సన్యాసమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తనూ ముద్ర వేస్తానంది. రత్నం వచ్చి మామ్మ కుడి బొటనవేలికి సిరా రాసింది. కొడుకు ముద్ర కింద ముసలమ్మ గట్టిగా అదిమింది. ఒక్క గీత కూడా పడలేదు, కాగితం మీద ఉత్త నీలిమచ్చ. దానివైపు అనుమానంగా చూసి, "ఇది సెల్లుద్దా మేడమ్?" అని అడిగింది.

"చెల్లుతుందమ్మా," అన్నాను. "మా బళ్ళో మిషన్ లేదు. మీరు వేశారు, నేను చూశాను."