గుండయ్య బిడ్డకు తొమ్మిది మార్కులు

గుండయ్య ఏడో తరగతి పరీక్ష తప్పాడు. ఎవరడిగినా గొంతు తగ్గించకుండానే చెప్తాడు. పరీక్షల వారంలో వాళ్ళ నాయన కాలు విరిగింది. మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఆగిపోయి ఉంది. పిల్లాణ్ణి బడి మాన్పించి మగ్గం ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడాయనకు యాభై నాలుగేళ్ళు. కొత్తవాడలో అదే ఇంట్లో ఇంకా జంపఖానాలే నేస్తున్నాడు. ఆయన భార్య యాదవ్వ పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతుంది. పెళ్ళయిన పదమూడేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు దీప.

ఆ దీపకు నేను ఇంగ్లీషు టీచర్ని. నా పేరు రాజశ్రీ. ఇది చెప్తుంటే నాకు ఒళ్ళంతా కోపమే. అందులో సగం నా మీదే, ముందే చెప్పేస్తున్నాను.

గుండయ్య కూతురికి లెక్కలు నేర్పిన తీరు ఏ ట్రైనింగులోనూ నేర్పరు. మూడడుగుల జంపఖానాలో ఒక్కో డైమండుకు ఇరవై నాలుగు పోగులు పడతాయి. గిరాకీ వచ్చి అదే డిజైను అయిదడుగుల వెడల్పులో కావాలంటాడు. అప్పుడు గుండయ్య మగ్గం ఆపి, “బిడ్డా, జర జెప్పు, ఎన్నత్తయి?” అనేవాడు. అయిదో తరగతి పిల్ల గోడ మీద బొగ్గుతో నాలుగు గీతలు గీసి, “నలభై, నాయినా” అనేది. జవాబు ఆయనకు ముందే తెలుసు. అయినా పిల్ల చెప్పాకే పోగులు ఎక్కించేవాడు. ఇంగ్లీషంటే మాత్రం ఆయనకు భయం. అందుకే నూలు సంచుల మీద, మందు డబ్బాల మీద, బస్సుల మీద ఏ అక్షరం కనపడినా పిల్లతో చదివించేవాడు. తప్పు చదివినా ఆయనకు తెలియదు. ఆ పిల్లే మర్నాడు నా దగ్గరికొచ్చి సరిచేసుకుని, ఇంటికి వెళ్ళి నాయనకు మళ్ళీ చదివి వినిపించేది.

ఈ ఏడు దీప తొమ్మిదో తరగతి. జులై మొదటి వారంలో ఇంగ్లీషుకు, లెక్కలకు కలిపి యాభై మార్కుల పరీక్ష పెట్టాం. పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకుని, దసరా దాకా నేర్పి, మళ్ళీ పరీక్ష పెట్టి, ఎంత ఎదిగారో ఆన్‌లైన్లో పైవాళ్ళకు చూపించాలి. వినడానికి ఎంత బాగుందో! దీపకు నలభై రెండు వచ్చాయి. వాళ్ళ నాయన గురించి రాయమంటే, ఆయన నిద్రలో కూడా పోగులు లెక్కపెడతాడని ఇంగ్లీషులో ముప్పావు పేజీ రాసింది. చదివి స్టాఫ్ రూములో అందరికీ చూపించాను.

మా హెడ్మాస్టరు సదానందం సారు ఆ మార్కుల లిస్టు చూసి తల పట్టుకున్నాడు.

“ఏంది మేడం గిది? మొదాలె నలభై రెండు ఎక్కిత్తె దసరాకు ఏం పెంచుతరు? పెరుగుదల సూపియ్యాలె గదా. అందరియి కోసెయ్యుండ్రి.”

“ఉన్న మార్కులు ఎట్ల కోస్తం సార్?”

“అబ్బ, ఆన్‌లైన్ల నంబరే గదా మేడం! పిల్లల తలకాయలు కోత్తాన్నమా?”

నోరు మూసుకున్నాను. ఏం చూసుకుని మూసుకున్నానో ఇప్పటికీ తెలియదు. ముప్పై ఆరు మందివీ నా వేళ్ళతోనే ఎక్కించాను. దీపకు తొమ్మిది వేశాను. అసలు కాగితాలు పిల్లలకు ఇవ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

నంబరు నంబరుగా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. పది లోపు వచ్చినవాళ్ళంతా మొదటి మెట్టని పైనుంచి లిస్టు దిగింది. రోజూ ఇంగ్లీషు, లెక్కల పీరియడ్లలో వాళ్ళు వరండాలో కూర్చుని అక్షరాలు దిద్దాలి, ఒంటి అంకెల కూడికలు చెయ్యాలి. దీప తన పేరు పక్కన తొమ్మిది చూసుకుని వరండాలోకి వెళ్ళింది. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, “మేడం, గివి నాకు వచ్చు. నన్ను లోపలికి పంపరా?” అని అడిగింది.

“జర ఓపిక పట్టమ్మా” అన్నాను. నా మొహం మండ! దేనికి ఓపిక? సదానందం సారు పెరుగుదలకా?

తర్వాత ఆ పిల్ల అడగలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. ఆగస్టులో మిగతా పీరియడ్లలోనూ చెయ్యెత్తడం మానేసింది. సెప్టెంబరులో నేను ఒకరోజు లోపలికి పిలిచి బోర్డు మీద రాసింది చదవమంటే, “నాకు రాదు మేడం, వేరేటోళ్ళను అడుగుండ్రి” అంది. సరేనని వేరే పిల్లతో చదివించాను. అప్పుడైనా ఆ బీరువా తాళం తీసి ఉండాల్సింది.

దసరాకు ముందు పెట్టిన పరీక్షలో దీపకు ముప్పై ఒకటి వచ్చాయి. కాగితం దిద్దుతూ చూశాను. నిష్పత్తి లెక్క సరిగ్గా చేసి, దాని మీద అడ్డంగా గీత కొట్టేసింది. పక్కన ఇంకేమీ రాయలేదు. అలాంటివి ఆరున్నాయి. నాయన గురించి రాయమంటే మూడు వాక్యాలు రాసి రెండు కొట్టేసింది.

కానీ ఆన్‌లైన్లో ఏముంది? తొమ్మిది నుంచి ముప్పై ఒకటి. బడి మొత్తానికి ఎక్కువ ఎదిగిన పిల్ల దీపేనట! తల్లిదండ్రుల మీటింగు పెట్టి సర్టిఫికెట్ ఇస్తామన్నారు.

గుండయ్య ఆ రోజు మగ్గం ఆపి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సదానందం సారు మైకు పట్టుకుని, “తొమ్మిది మార్కులతోని వచ్చిన బిడ్డను మూడు నెలల్ల ముప్పై ఒకటికి తెచ్చినం! అక్షరాలు దిద్దించినం!” అన్నాడు. చప్పట్లు మోగాయి. దీప తల వంచుకుని సర్టిఫికెట్ అందుకుంది.

గుండయ్య లేచి నిలబడ్డాడు.

“సారూ, తొమ్మిదెవలకు?”

“నీ బిడ్డకే పెద్దమనిషీ. ఇప్పుడు మంచిగైంది, ఫికర్ లేదు. కూసో.”

“నా బిడ్డకా? అయిదో తరగతిల నా మగ్గానికి లెక్క జెప్పిన పిల్లకా? అక్షరాలు దిద్దిచ్చిండ్రా మీరు? మేడం!” అని నా వైపు తిరిగాడు. “నువ్వు జెప్పు. ఆ కాయిదం ఏది?”

సదానందం సారు కళ్ళతోనే వద్దన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టాఫ్ రూముకు వెళ్ళి బీరువా తీసి జులైదీ, దసరాదీ రెండు కాగితాలూ తెచ్చి గుండయ్య చేతిలో పెట్టాను. “నలభై రెండు వచ్చినయి గుండన్నా. తొమ్మిదని ఎక్కించింది నేనే” అన్నాను. మైకు దగ్గరే ఉంది, అందరికీ వినపడింది.

గుండయ్యకు అంకెలు చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నలభై రెండుతోని తోలిన మీ కాడికి. ముప్పై ఒకటి చేసి సప్పట్లు కొడుతాన్రు. సిగ్గుందా మీకు?”

“అదంతా ఆన్‌లైన్ల లాక్ అయిపోయింది, ఇప్పుడేం చెయ్యలేం” అన్నాడు సదానందం సారు.

“జంపఖానాల తప్పు పడ్తె, గజం నేసినంక కనవడ్డా సరే, ఆడిదాంక ఇప్పి మళ్ల నేత్త నేను. నా బిడ్డను ఎట్ల ఇప్పుతరు? చెప్పుండ్రి! ఎట్ల ఇప్పుతరు?”

ఆయన జులై కాగితం దీపకు అందించి, “సూడు బిడ్డా, గిదీ నీ లెక్క” అన్నాడు. దీప దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివింది. పేరు తనది, రాత తనది, నాయన గురించి రాసిన ముప్పావు పేజీ తనది. చివరిదాకా చదివి, కాగితం మడతపెట్టి నాకు తిరిగిచ్చింది.

“గిది నాది కాదేమో మేడం” అంది. “నాకు గిన్ని రావు.”