ఎల్లాజీ స్పానరు

ఎల్లాజీ డ్రమ్ముల వెనక కూర్చున్నాడంటే, కచేరీ మధ్యలో ఒక్కసారైనా నట్టు లూజవ్వాల్సిందే. పాట మంచి ఊపులో ఉంటుంది. జనం చేతులు పైకెత్తి ఊగుతుంటారు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి కేక వినిపిస్తుంది.

"ఆగండాగండి! నట్టు లూజయిపోనాది!"

పాట ఆగిపోతుంది. ఎల్లాజీ ప్యాంటు వెనక జేబులోంచి జానెడు పొడుగు స్పానరు లాగి, డ్రమ్ముల కిందికి దూరి, అక్కడ ఏదో బిగించి, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ లేచి, "ఆఁ, ఇప్పుడు కానీండి" అంటాడు. అదేదో మునిగే ఓడని ఒడ్డుకి చేర్చినంత తృప్తి ఆ ముఖంలో.

ఇంకో ఊళ్లో అయితే కుర్చీలు గాల్లోకి లేచేవి. కానీ ఇది విశాఖపట్నం. వచ్చినవాళ్లలో సగంమంది పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో డ్యూటీ దిగి వచ్చినవాళ్లే. లూజు నట్టు ఎంత పని చేస్తుందో వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. "నిదానంగా బిగించుకో బాబూ, తొందరేటి?" అని ముందు వరసలోంచి ధైర్యం చెబుతారు కూడా.

ఒళ్లు మండేది ఒక్క గుణశేఖర్‌కే. బ్యాండులో గాయకుడు అతనే. తగరపువలస దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టరై, గాజువాకలో కాపురం పెట్టి, సాయంత్రాలు రాక్ పాటలు పాడేవాడు. ఎల్లాజీది సముద్రం మీద బతికే కుటుంబం. పగలు ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసి, చేతుల గ్రీజు వదలకముందే డ్రమ్ముల దగ్గర వాలేవాడు. బ్యాండుకి 'తుప్పు' అని పేరు పెట్టింది కూడా అతనే. ఉప్పుగాలి తిని ఇనుముతో బతికేవాళ్లకి ఇంతకంటే నిజమైన పేరు దొరకదట.

"ఈ ఊర్లో ఎంతమంది డ్రమ్మర్లున్నార్రా? ఎవడి నట్టూ లూజవ్వదు. నీకే ఎందుకవుతాది?" అని గుణశేఖర్ ప్రతి కచేరీ తరవాతా నిలదీసేవాడు.

"గట్టిగా వాయిత్తన్నాను కద బావా."

"మొన్న ఆ రిసెప్షన్‌లో అసలు వాయించనే లేదు కదా! పెళ్లికూతురి తండ్రి మైకులో మాటాడతన్నాడు. గొంతు పూడుకుపోయి పాపం ఆయనే ఆగిపోయాడు. మధ్యలో నీ నట్టు గోలేటి?"

"వాయించకపోతే మరీ లూజయిపోద్ది బావా" అనేవాడు ఎల్లాజీ, అమాయకంగా టీ ఊదుకుంటూ.

ఈ మాట అతని భార్య సీతాలు దగ్గర మాత్రం ఎత్తకూడదు. "ఊరి నట్లన్నీ బిగిత్తాడు అన్నయ్యా! మా వొంటింట్లో కుళాయి కారతంటే మాత్రం ఆ చెవులకి ఇనపడదు. రాత్రంతా టప్పు టప్పుమంటే తాళం బాగుందంటాడు" అని గుణశేఖర్ దగ్గర వాపోయేది.

ఎల్లాజీకి సినిమా పని కూడా ఉండేది. విశాఖలో షూటింగుకి వచ్చినవాళ్లకి పాటలో హీరో వెనక డ్రమ్ములు వాయించే మనిషి కావాలంటే ఎల్లాజీకే కబురు. జుట్టు ఊపడంలో అతన్ని మించినవాడు లేడు. కాకపోతే అక్కడ మనిషి కనిపిస్తాడు, దెబ్బ వినిపించదు. దెబ్బ ఇంకెవరిదో. చిన్న సినిమాల రికార్డింగుకి వెళితే దెబ్బ వినిపిస్తుంది, మనిషి కనిపించడు. "తెర మీద సగం ఎల్లాజీ, తెర ఎనకాల సగం ఎల్లాజీ. రెండూ అతికించి సూపించే మొనగాడు ఎప్పుడొత్తాడో" అని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, ఆ కోరిక అతన్ని లోలోపల తినేస్తోందని గుణశేఖర్‌కి తెలుసు.

షూటింగులోనూ అదే వరస. ఒకసారి ఒక ముసలి నటుడు రెండు ముక్కల డైలాగు చెప్పలేక తడబడుతున్నాడు. దర్శకుడు నోరు తెరవబోతుండగా ఎల్లాజీ లేచాడు. నట్టు లూజు! ఈలోగా పెద్దాయన నీడకి వెళ్లి, మంచినీళ్లు తాగి, తిరిగొచ్చి గడగడా చెప్పేశాడు. తిట్లన్నీ ఎల్లాజీకే పడ్డాయి. ఆ సినిమావాళ్లు మళ్లీ పిలవలేదు.

ఇలా ఉండగా ఉమామహేష్ అనే కొత్త దర్శకుడు 'తుప్పు' పాట విని మనసు పారేసుకున్నాడు. రుషికొండ తీరంలో బ్యాండు అంతా నిజంగా పాడుతూ వాయిస్తుంటే అక్కడికక్కడే రికార్డు చేస్తానన్నాడు. ఒకే షాటు, మధ్యలో కోతల్లేవు. పొద్దు కొండల వెనక్కి దిగేలోపు అయిపోవాలి. గుణశేఖర్ గొంతు మొదటిసారి థియేటర్లో వినబడుతుంది. ఎల్లాజీ మొదటిసారి కనబడతాడు, వినబడతాడు కూడా.

గుణశేఖర్‌కి ఆనందం ఎంతో, గుబులూ అంతే. అతనికో రహస్యం ఉంది. పల్లవి దుమ్ము లేపేస్తాడు, మొదటి చరణం ఏలేస్తాడు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి తను రాసుకున్న మాటలే తనకి మొహం చాటేస్తాయి. అయినా ఇన్నేళ్లలో జనం ముందు ఒక్కసారీ పరువు పోలేదు. ఏదో ఒకటి జరిగి గండం గడిచిపోయేది. అదంతా సింహాద్రి అప్పన్న దయేనని అతని నమ్మకం. ఆ 'ఏదో ఒకటి' ఏమిటని ఎన్నడూ ఆలోచించలేదు. గండం గడిచినవాడు వెనక్కి తిరిగి చూసుకోడు కదా. కొబ్బరికాయ అప్పన్నకి, తిట్లు ఎల్లాజీకి. అలా సాగిపోయేది.

షాటుకి ముందు గుణశేఖర్ చెయ్యి చాపాడు. "స్పానరు ఇలాగియ్యి బావా."

"వొద్దు బావా. అవసరం పడతాది."

"ఈరోజు భూమి బద్దలైనా పాట ఆగకూడదు. ఇయ్యి."

ఎల్లాజీ ఇచ్చేశాడు. గుణశేఖర్ దాన్ని తన జేబులో పెట్టుకున్నాడు.

పాట మొదలైంది. పల్లవికి లైట్‌బాయ్‌లు సైతం తలలూపారు. మొదటి చరణం అలల మీంచి దొర్లుకుంటూ వెళ్లింది. రెండో చరణం వచ్చింది. గుణశేఖర్ నోరు తెరిచాడు. లోపల ఏమీ లేదు. కెమెరా మెల్లగా ముఖం మీదికి వస్తోంది.

ఢామ్మని చప్పుడైంది. వెనక్కి తిరిగి చూస్తే ఎల్లాజీ స్టూలుతో సహా ఇసకలో వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్లు ఆకాశంలోకి, పక్కనే డ్రమ్ముల ఇత్తడి తాళం బిళ్ల గిరగిరా తిరుగుతూ.

"స్టూలు నట్టు లూజయిపోనాది!"

ఉమామహేష్ తలపట్టుకున్నాడు. "ఇంకొక్క టేకుకే వెలుగుంది. ఇతన్ని దించేసి ఇంకెవర్నైనా కూర్చోబెట్టండి. చేతులూపితే చాలు, దెబ్బ తరవాత కలుపుకుందాం!"

"సారీ సార్. నా తప్పే" అన్నాడు ఎల్లాజీ. ఇసక దులుపుకుని, స్టూలు నిలబెట్టి, డ్రమ్ము కర్రలు దాని మీద పెట్టేశాడు.

గుణశేఖర్‌కి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. స్టూలు బాగుచేసి ఇస్తే దర్శకుడు చల్లబడతాడేమోనని జేబులోంచి స్పానరు తీసి కూర్చున్నాడు. నట్టు చూశాడు. అది చేత్తో తిప్పే రెక్కల నట్టు. తిప్పి చూశాడు. కదల్లేదు, అంత బిగువుగా ఉంది. డ్రమ్ముల కిందికి దూరి చూశాడు. అక్కడా అవే రెక్కల నట్లు. చర్మం బిగించే మరలకైతే బొటనవేలంత చిన్న తాళంచెవి చాలు. అన్నీ గట్టిగా ఉన్నాయి. చేతిలో ఉన్న స్పానరు పట్టే నట్టు మొత్తం సెట్టులో ఎక్కడా లేదు. తను ఫిట్టరు. అన్నం తినేదే నట్ల మీద. ఇన్నేళ్లూ ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు.

"బావా, ఈ స్పానరు దేనిది?"

"బోటు ఇంజన్‌ది."

"మరి డ్రమ్ములకి?"

ఎల్లాజీ ఇసకకేసి చూశాడు. "డ్రమ్ములకి స్పానరెందుకు బావా? చేత్తో తిప్పీసుకోడమే."

"మరి ఇదెందుకు మోత్తన్నావ్?"

"పాట ఆపడానికి సాకు కావాల కద. కడుపునొప్పంటే ఈ ఊర్లో నవ్వుతారు బావా. నట్టు లూజంటే ఎవడూ నోరెత్తడు" అన్నాడు ఎల్లాజీ. కాలితో ఇసక గీస్తూ, "మాట మర్సిపోయే ముందు నీ మెడ మీద నరం ఉబ్బుద్ది. ఎదర కూకున్నోలకి కనపడదు. ఎనకాల కూకున్నాను కద, నాకు కనపడిపోద్ది."

"మరి సెప్పొచ్చు కదరా!"

"సెప్తే ఆ బయ్యంతో పల్లవి కూడా మర్సిపోతావు."

గుణశేఖర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెళ్లికూతురి తండ్రీ, ముసలి నటుడూ కూడా గుర్తొచ్చారు. లేచి నేరుగా ఉమామహేష్ దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా చెప్పేశాడు.

"సార్, స్టూలు బాగానే ఉంది. తప్పు నాది. రెండో చరణం మర్చిపోయాను. నా పరువు కాపాడ్డానికి అతను పడిపోయాడు. అతన్ని దించేస్తే నన్నూ దించేయండి."

ఉమామహేష్ పొద్దుకేసి చూశాడు, గుణశేఖర్‌కేసి చూశాడు. "పోనీ, ఇప్పుడు గుర్తుందా?"

"లేదు సార్."

"మరి ఎలా పాడతావయ్యా?"

"వెనక్కి తిరిగి పాడతాను. ఆడికి గుర్తుంటాది."

రెండో టేకులో అలాగే జరిగింది. రెండో చరణం రాగానే గుణశేఖర్ కెమెరాకి వీపు పెట్టి డ్రమ్ములకేసి తిరిగాడు. ఎల్లాజీ జుట్టు ఊపుతూ, వాయిస్తూ, చప్పుడు చేయకుండా పెదాలు కదిపాడు. ఆ పెదాల మీంచి ఒక్కో మాటా అందుకుని గుణశేఖర్ పాడాడు. 'లంగరేసిన ఓడకైనా అల తగిలితే ఊగులాట.' భయం లేకుండా ఆ చరణం పాడటం అతనికి అదే మొదటిసారి.

సినిమా గాజువాకలో ఆడినప్పుడు ఆ వీపుకి ఈలలు పడ్డాయి. "ఏం స్టయిలు రా!" అన్నారు జనం. అతని వీపు పక్కనుంచి కెమెరా ఎల్లాజీ మీదికి వెళ్లింది. మనిషీ దెబ్బా అతుక్కుని ఒక్కటిగా తెరంతా నిండిపోయాయి. సీతాలు పక్క సీటావిడతో, "మా ఆయనే. కుళాయి మాత్రం బాగుచెయ్యడు" అంది.

వెనక వరసలోంచి ఆ మాట విన్న గుణశేఖర్ మరుసటి ఆదివారం తన పనిముట్ల సంచీతో ఎల్లాజీ ఇంటికి వెళ్లాడు. రుణం తీర్చుకోవాలి కదా. సీతాలు చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, పక్కనే నిలబడి చూస్తోంది. గుణశేఖర్ కుళాయికి స్పానరు తగిలించి, ఫిట్టరు దర్పం చూపిస్తూ ఒక్క తిప్పు తిప్పాడు. కుళాయి తల ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్లు చిమ్మి అతన్ని నిలువునా తడిపేశాయి. పులుసులో కూడా పడ్డాయి.

"అదేటన్నయ్యా, నువ్వు ఫిట్టరువి కదేటి?" అని సీతాలు అనబోయింది. సగం మాట నోట్లోనే ఉంది.

ముందుగదిలోంచి ఎల్లాజీ బోటు స్పానరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండాగండి! నట్టు లూజయిపోనాది!"