నిండుకున్న ఆట

మొన్న మా అమ్మాయి ఇంట్లో కాఫీ పట్టుకుని టీవీ ముందు కూర్చుంటే, ఏదో ఊరి బేస్‌బాల్ టీము వరసబెట్టి ఓడిపోతోందనీ, దాని అభిమానులు సరుకులు తెచ్చుకునే కాగితపు సంచులకు కళ్ళ దగ్గర చిల్లులు పెట్టి తలకు తొడుక్కుని స్టేడియంలో కూర్చుంటున్నారనీ చూపించారు. మా అల్లుడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. మా ఊరి టీముకూ అలాంటి ఏడాది ఒకటి వచ్చింది. మావారు జబ్బు పడ్డదీ ఆ ఏడాదే. ఆ రెండూ నాలో ఎంతగా కలిసిపోయాయంటే, ఇప్పటికీ ఒకటి తలుచుకుంటే రెండోది పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

అప్పట్లో మేము డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మావారు కార్ల కంపెనీలో బ్రేకులు తయారుచేసే విభాగంలో ఇంజనీరు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసు క్యాంటీన్‌లో పక్కన కూర్చునేవాళ్ళకు బేస్‌బాల్ తప్ప వేరే లోకం లేకపోవడంతో, నోరు మూసుకుని పెరుగన్నం తినడం కంటే ఆ ఆటేదో నేర్చుకోవడం నయమని నేర్చుకున్నారట. నేను వచ్చేసరికే ఆ పిచ్చి బాగా ముదిరింది. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు ఆఖరు దాకా దాదాపు రోజూ ఒక ఆట ఉంటుంది, రోజూ సాయంత్రం మా వంటింట్లో రేడియో మోగుతుంది. టీవీ అయితే కళ్ళు అతుక్కుపోతాయనీ, రేడియో అయితే వింటూ నాకు కూరలు తరిగిపెట్టవచ్చుననీ ఆయన వాదన. తరిగిపెట్టింది ఎన్నిసార్లో మాత్రం నన్నడగకండి.

నాకు ఆటతో పేచీ లేదు, ఆయన నోటితోనే పేచీ. పెళ్ళయ్యాక వీసా వచ్చేదాకా నేను మా అత్తగారి దగ్గర ఉన్నాను. ఆవిడ ఇంట్లో బియ్యం ‘అయిపోయాయి’ అంటే ఊరుకునేది కాదు, ‘నిండుకున్నాయి’ అనాలి. దీపం ఆరిపోకూడదు, కొండెక్కాలి. ఇక సంధ్యవేళ చెడ్డమాట అన్నామా, పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, అలాగే కానిమ్మనేస్తారు. మా తరం వాళ్ళలో ఈ చీవాట్లు తినకుండా పెరిగినవాళ్ళు ఉంటారని నేననుకోను. ఆ అత్తగారి కొడుకేమో, సరిగ్గా దీపం పెట్టే వేళకు రేడియో ముందు కూర్చుని ‘పోయింది, మొత్తం పోయింది’, ‘చచ్చారు వెధవలు’ అని అరిచేవారు. దేవుడి దగ్గర నుంచి నేను ‘ఏమండీ, శుభం పలకండి’ అని కేక వేసేదాన్ని. అది మా ఇంట్లో రోజూ సాగే వేడుక. మా అమ్మాయికి మాటలు వచ్చీ రాని రోజుల్లోనే ‘శుబం, డాడీ, శుబం’ అనడం వచ్చింది.

ఆ ఏడాది మంచు ఇంకా కరగకముందే ఆయనకు కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, పాంక్రియాస్‌లో క్యాన్సర్ అనీ, లివర్‌కి కూడా పాకిందనీ, మందులు వాడితే ఆకులు రాలేకాలం దాకా రావచ్చుననీ, ఆయన ముఖంలోకి చూస్తూనే చెప్పేశాడు. మన దగ్గరైతే నన్నో మా మరిదినో వరండాలోకి పిలిచి చెప్పేవాళ్ళు. ఆ డాక్టరు మంచివాడే, మృదువుగానే చెప్పాడు, కాని ఆ గదిలో ఆ మాట అలా బాహాటంగా పడినందుకు నాకు అతని మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కారులో కూర్చున్నాక, ఇంట్లో ఎవరూ ఇక చెడ్డమాట అనకూడదని ఆయనతో చెప్పాను. ఈసారి అది వేడుక కాదని ఆయనకు తెలిసింది. సరేనన్నారు.

టీము ఏప్రిల్‌లోనే ఓడడం మొదలుపెట్టింది. అలా ఇలా కాదు. ఒక రోజు బంతి కొట్టేవాళ్ళు లేక ఓడితే, మర్నాడు బంతి విసిరేవాళ్ళు లేక ఓడేది. నడి వేసవికల్లా ఈ దేశంలో అంతకుముందు ఏ టీమూ ఓడనన్ని ఆటలు ఓడుతుందా అని దేశమంతా లెక్కలు వేయడం మొదలుపెట్టింది. ఆయన స్నేహితులంతా ఒక్కరొక్కరే వినడం మానేశారు. ఈయన మాత్రం ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని వచ్చి, వాంతులు తగ్గగానే, దుప్పటి కప్పుకుని రేడియో దగ్గరికి చేరేవారు. ఓడిపోయారని అనడానికి లేదు గనక, ఆట కాగానే వంటింటి వైపు తిరిగి ‘నిండుకుందోయ్’ అనేవారు. ఆయన నిద్రపోతే నేను విని, లేచాక నేను చెప్పేదాన్ని. ‘ఏమైంది?’ ‘నిండుకుందండీ.’ ఆ వేసవి మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకున్న మాట అదే అయివుంటుంది.

జులైలో ఒంట్లో కాస్త బాగున్న రోజు చూసుకుని మధ్యాహ్నం ఆటకు వెళ్ళాం. నేనే డ్రైవ్ చేశాను. అంత ఎండలో ఆయన స్వెట్టర్ వేసుకున్నారు. స్టేడియం ఎంత ఖాళీగా ఉందంటే, టికెట్లు చూసే పెద్దాయన మమ్మల్ని మెట్లెక్కనివ్వకుండా కిందనే నీడలో కూర్చోమన్నాడు. అక్కడా ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు తలకు కాగితపు సంచులు వేసుకుని వచ్చారు. ముఖం దాచుకునేవాడు ఇంట్లోనే కూర్చోవచ్చుగా అని ఈయనకు వాళ్ళ మీద కోపం వచ్చింది. నేను పులిహోర డబ్బా తీసి చేతికిచ్చాను. రెండు ముద్దలు తిని, డబ్బా మూతపెట్టి, నెమ్మదిగా అడిగారు.

“ఇది మన ఇల్లు కాదు కదా. సంధ్యవేళ కూడా కాదు. ఒక్క మాట అనొచ్చా?”

నేను ఆయన చేతిలోని డబ్బా తీసుకున్నాను.

“వచ్చే ఏప్రిల్‌లో ఈ ఆట నేను చూడనోయ్. అది నాకు తెలుసు, నీకూ తెలుసు. దానికి బాధపడి లాభం లేదు. కాని వీళ్ళు అందరికంటే అడుగున పడకుండా బయటపడ్డారన్న మాట ఒక్కటి చెవిన పడితే బాగుండును. ఇన్నేళ్ళు వెంటపడ్డాను. పోయేముందు అదొక్కటి చాలు.”

డబ్బా మూత తీసి, ఇంకో ముద్ద తినండి అన్నాను. తిన్నారు. ఆ రోజూ నిండుకుంది.

ఆ తరవాత ఆయన మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు. నేను మాత్రం అంతవరకూ పట్టించుకోని ఆటను పట్టుకున్నాను. ఎన్ని మిగిలాయి, ఎన్ని గెలవాలి అని వంట చేస్తూ లెక్కపెట్టుకునేదాన్ని. దేవుడి దగ్గర ఆయన ప్రాణం అడగడానికి ధైర్యం చాలక, టీముకు నాలుగు గెలుపులు ఇమ్మని అడిగిన రోజులున్నాయి. అంత చిన్న కోరికైనా తీరుస్తాడేమోనని ఆశ. ఆగస్టులో మందు ఆపేశారు. సెప్టెంబరులో హాల్లో సోఫా తీసేసి ఆసుపత్రి మంచం వేయించాం. మా అమ్మాయి కాలేజీ మానుకుని వచ్చి కూర్చుంది. ఆయన రోజులో ఎక్కువసేపు నొప్పి మందు మత్తులోనే ఉండేవారు.

సీజను ఆఖరి ఆదివారం వచ్చేసరికి ఒక్క ఆట మిగిలింది. అది ఓడితే ఇన్నేళ్ళ లెక్కలో అందరికంటే అడుగున మావాళ్ళ పేరే. ఆట మొదలయ్యే వేళకు ఆయన గాఢంగా నిద్రపోతున్నారు. లేపవద్దని, రోజూ ఇంటికొచ్చి చూసే నర్సు చెప్పివెళ్ళింది. రేడియో గొంతు తగ్గించి తల్లీకూతుళ్ళం మంచానికి చెరోవైపు కూర్చుని విన్నాం. మొదట్లో మావాళ్ళు వెనకబడ్డారు. చివరికొచ్చేసరికి ఏ దేవుడు దయ తలిచాడో గాని, ఒకడి వెనక ఒకడు బంతిని కొట్టి, గెలిచారు. నిజంగానే గెలిచారు. మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన లేస్తే చెప్పాలని నేను కాలు నిలవక మంచం చుట్టూ తిరిగాను.

సాయంత్రం, కిటికీలో ఇంకా వెలుగు ఉండగానే కళ్ళు తెరిచారు. నీళ్ళు తాగించాను.

“ఏమైందోయ్?”

“గెలిచారండీ! మనవాళ్ళు గెలిచారు. అడుగున పడలేదు.”

నా ముఖంలోకి కాసేపు చూసి, పెదవులతో చిన్నగా నవ్వారు.

“అలాగేలే. నీ నోట ఇంకేం వస్తుంది?”

“నా మీద ఒట్టండీ, నిజం.”

మా అమ్మాయి ముందుకు వంగింది. “డాడీ, రియల్లీ! విన్ అయ్యారు. మేము ఇద్దరం విన్నాం, ఐ స్వేర్.”

ఆయన దాని తల మీద చెయ్యి వేసి నావైపు తిరిగారు. “దీనికీ నేర్పేశావా?”

గబగబా రేడియో పెద్దది చేశాను. అందులో అప్పటికే ఫుట్‌బాల్ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆయన నా చెయ్యి రెండుసార్లు తట్టి, పోనీలే అన్నట్టు కళ్ళు మూసుకున్నారు. ఆ తట్టడంలో ఓదార్పు ఉంది, నాకు ఆయన ఓదార్పు! మర్నాడు పొద్దున పేపరు తెచ్చి మంచం పక్కన నిలబడి పెద్దగా చదివాను, ఎవరు కొట్టారో, ఎన్ని పరుగులో, అన్నీ. కళ్ళు తెరవలేదు. వినికిడి చివరిదాకా ఉంటుందని నర్సు చెప్పింది గనక, మళ్ళీ మళ్ళీ చదివాను. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆయన వెళ్ళిపోయారు.

అత్తగారు నేర్పింది తప్పని నేనివాళ కూడా అనుకోను. ఆ మాటలే లేకపోతే ఆ వేసవి మేము దాటేవాళ్ళం కాము. ఇప్పటివాళ్ళ తీరు వేరు. మా అమ్మాయి ఇంట్లో రైస్ ‘అయిపోతుంది’, అప్పటికప్పుడు ఆర్డర్ చేస్తారు. నా రక్తపరీక్షల ఫలితాలు డాక్టరు కంటే ముందే దాని ఫోన్‌కి వస్తాయి, బాగుంటే బాగుందనీ, లేకపోతే ‘అమ్మా, ఇది బ్యాడ్‌గా ఉంది’ అనీ నా ముఖం మీదే చదివేస్తుంది. మొదట్లో ‘శుభం పలుకు’ అని కసిరేదాన్ని, ఇప్పుడు అలవాటైంది. అది బాగుందన్న రోజున నేను ఆ మాట నమ్మి హాయిగా నిద్రపోతాను. ఆయనకు నేను చెప్పిన మంచిమాటల్లో నిజమైనది ఒక్కటే ఉంది, దాన్నే ఆయన నమ్మలేదు.