లడాఖ్‌లో ఎర్రకాంతి, పులివెందులలో హద్దురాయి

2024 మే నెల. పులివెందుల దగ్గర నాగమ్మ చీనీతోటలో, అంటే బత్తాయితోటలో, హద్దు తేల్చే పని. నేను లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని. అప్పట్లో నాకు రోవర్ అంటే దేవుడితో సమానం. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, మనం నిలుచున్న చోటును వేలెడు తేడాతో చెప్పే పరికరం అది. గొలుసు పట్టుకుని తిరిగే పాత సర్వేయర్లను చూస్తే నవ్వొచ్చేది.

ఆ పొద్దున రోవర్ పెట్టగానే నాగమ్మ బోరు పక్కపొలం గంగిరెడ్డి హద్దులో నాలుగడుగులు లోపలికి ఉన్నట్టు చూపించింది. ఆమె తోటకంతటికీ అదొక్కటే బోరు. గంగిరెడ్డి మీసం మెలేశాడు. నాగమ్మ పోయి హద్దురాయి మీద కూర్చుంది.

"మా మామ పాతిన రాయప్పా ఇది. యాడికీ పోలేదు. నీ మిషనే పోతాండాది."

"మిషను అబద్ధం చెప్తాదా అత్తా?" అన్నాడు గంగిరెడ్డి.

నాకూ చిరాకేసింది. ఆమె నోరు మూయించడానికే మళ్లీ కొలిచాను. ఈసారి బోరు ఆమె పొలంలోనే ఉంది. మూడోసారి మళ్లీ గంగిరెడ్డి పొలంలో. అప్పుడు చూశాను, తెరమీద ‘ఫ్లోట్’ అని ఉంది. అంటే లెక్క ఇంకా కుదరలేదు, అడుగుల్లో తేడా రావచ్చు. ‘ఫిక్స్’ అని వస్తేనే నమ్మాలి. అంత అనుభవం ఉండీ నేనది చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏందప్పా, సంతకం పెడతాండావా లేదా?"

"పెట్టను రెడ్డీ. గొలుసుతో కొలుద్దాం."

పాత కొలతల పటం ముందు పెట్టుకుని, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి నుంచి, మండలాఫీసు నుంచి తెప్పించిన పాత గొలుసు ఎండలో లాగాం. ఒక కొస గంగిరెడ్డి చేతికే ఇచ్చాను. చివరి కొలతకు నాగమ్మను లెయ్యమనాల్సి వచ్చింది. గొలుసు ఆమె కూర్చున్న రాతి మీదికే వచ్చింది.

సాయంత్రం ఫోన్లో వార్త. ముందురాత్రి లడాఖ్ ఆకాశంలో ఎర్రటి వెలుగు కనిపించిందట. ధ్రువాల దగ్గర కనిపించే కాంతి అంత దక్షిణానికి రావడం అరుదు. సూర్యుడి నుంచి వచ్చిన తుఫాను ఆకాశపు పైపొరల్ని కుదిపేస్తే అట్లా అవుతుంది. ఉపగ్రహ సంకేతాలూ దారి తప్పుతాయి.

నాలుగో రోజు మళ్లీ పోయాను. రోవర్‌కు ఫిక్స్ వచ్చింది, సరిగ్గా ఆ రాతిమీదే. గంగిరెడ్డి ముందు తానే సంతకం పెట్టాడు. ఆ పూట నాకు కలిగిన సంతోషం లైసెన్స్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఎర్రకాంతి సంగతి చెబితే నాగమ్మ బోరు మోటారు వేస్తూ నవ్వింది.

"సూర్యుడే వచ్చి తుఫాను లేపినా మా మామ రాయి కదల్లేదు, సూడు."

ఇప్పుడు నా బండిలో రోవర్ పక్కనే గొలుసూ ఉంటుంది. కుర్ర సర్వేయర్లు చూసి నవ్వుతారు. నవ్వనీ, నేనూ నవ్వినవాణ్ణే.